అర మిల్లీమీటరు అంచు

మా అమ్మ పలాసలో జీడిపప్పు పరిశ్రమలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసింది. ఎండబెట్టిన పప్పు మీది ఎర్రటి పొట్టును చిన్న కత్తితో గీకి తీయడం, గుండ్లను, బద్దలను, ముక్కలను వేరుచేయడం, ఆ గుండ్లలో మళ్లీ 180, 210, 240, 320 రకాలను ఏరి పోయడం ఆమె పని. ఒక పౌను తూకానికి ఎన్ని గుండ్లు తూగుతాయో ఆ అంకెలు చెబుతాయి. ఆ లెక్కన 180 రకం గుండు ఒక్కొక్కటి రెండున్నర గ్రాములు, 320 రకం గుండు సుమారు 1.4 గ్రాములు ఉంటుంది. గ్రాములో పదోవంతుల తేడాను తక్కెడ లేకుండా, కంటితో చూసి, వేలికొసతో తాకి ఆమె తేల్చేది. జీడిపిక్కల రసం తగిలి నల్లబడిన ఆ వేలికొసలు ఇప్పటికీ పూర్తిగా తెల్లబడలేదు.

నేను శ్రీకాకుళంలో ఒక స్కానింగ్ కేంద్రంలో ఎం.ఆర్.ఐ. టెక్నీషియనుగా పనిచేస్తున్నాను. మెదడు లోపల జీడిగుండంత ఉండే చిన్న చిన్న భాగాల పరిమాణాన్ని ఎలా కొలుస్తారు, ఆ కొలతను ఎంతవరకు నమ్మవచ్చు అన్న విషయాన్ని నేను శ్రద్ధగా నేర్చుకున్నది మాత్రం అమ్మకు మతిమరుపు మొదలైన తరువాతనే. పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోవడం, అప్పుడే చెప్పిన మాటను మళ్లీ చెప్పడం, అలవాటైన సంతకు వెళ్లి దారి వెతుక్కోవడం చూసి, నేను పనిచేసే చోట కాకుండా మరొక కేంద్రంలో మొదటి స్కాను తీయించాము. మెదడులో జ్ఞాపకానికి అవసరమైన హిప్పోకాంపస్ అనే భాగం ఎడమ వైపు 2.9 ఘన సెంటీమీటర్లు, కుడి వైపు 3.1 అని ఆ రిపోర్టులో ఉంది. పద్నాలుగు నెలల తరువాత విశాఖపట్నంలో ఒక పెద్ద కేంద్రంలో రెండో స్కాను తీయించాము. అందులో ఎడమది 2.5, కుడిది 2.7 అని ఉంది. దాని కింద ‘గత స్కానుతో పోలిస్తే రెండు వైపులా హిప్పోకాంపస్ చెప్పుకోదగినంతగా కుంచించుకుపోయింది’ అన్న వాక్యం ఉంది. లెక్కవేస్తే ఎడమ వైపు దాదాపు 14 శాతం, కుడి వైపు 13 శాతం తగ్గుదల. మా చెల్లెలు ఆ కాగితం పట్టుకుని రాత్రంతా ఏడ్చింది. ఈ వ్యాసం ఆ రెండు అంకెల మధ్య తేడా గురించి రాస్తున్నాను.

హిప్పోకాంపస్ అనేది రెండు కణతల వెనుక, టెంపోరల్ లోబ్ లోపలి అంచున, ముందునుంచి వెనుకకు వంగి పడుకున్నట్లు ఉండే భాగం. పొడవు నాలుగు నుంచి ఐదు సెంటీమీటర్లు ఉంటుంది. సముద్రంలో ఉండే గుర్రపుమూతి చేపను పోలి ఉందని ఇటలీకి చెందిన శరీర నిర్మాణ శాస్త్రవేత్త అరాంజీ 1587లో దానికి ఆ పేరు పెట్టాడు. కొత్త సంగతులు జ్ఞాపకంగా నిలవడానికి అది అవసరం. అల్జీమర్స్ వ్యాధిలో ముందుగా దెబ్బతినే భాగాలలో అది ఒకటి కావడం వల్లనే దాని పరిమాణం మీద వైద్యులకు ఇంత ఆసక్తి. పెద్దవారిలో ఒక్కో వైపు సుమారు మూడు ఘన సెంటీమీటర్లు ఉంటుంది. కుడిది ఎడమదానికన్నా కాస్త పెద్దదిగా ఉండడం సాధారణం. దానికి సరిగ్గా ముందు ఆనుకుని ఉండే అమిగ్డాలా అందులో సగం దాకా ఉంటుంది, అంటే ఇంచుమించు మా అమ్మ ఏరే 320 రకం గుండంత. ఇంత చిన్న వస్తువును, పుర్రె తెరవకుండా, బతికి ఉన్న మనిషిలో కొలవగలగడం గొప్ప విషయమే. ఎక్స్-రే కిరణాలు లేవు, ఈ కొలతకు సూదిమందు కూడా అక్కరలేదు. ఉద్దానం నుంచి కిడ్నీ జబ్బుతో వచ్చేవారికి చిత్రం స్పష్టంగా రావడానికి వాడే గాడోలినియం మందు ఎక్కించాలంటే మేము పదిసార్లు ఆలోచించవలసి వస్తుంది కనుక, మందు లేకుండా జరిగే పరీక్ష అన్న మాట మా జిల్లాలో చిన్న మాట కాదు.

స్కానింగు యంత్రం మెదడును ఫోటో తీసినట్లు తీయదు. మెదడును చిన్న చిన్న ఘనాలుగా విడగొట్టి, ఒక్కో ఘనం నుంచి వచ్చే సంకేతానికి ఒక అంకె ఇస్తుంది. ఈ ఘనాన్ని వాక్సెల్ అంటారు. పరిమాణం కొలవడానికి తీసే త్రీడీ స్కానులో వాక్సెల్ సాధారణంగా పొడవు, వెడల్పు, మందం అన్నీ ఒక మిల్లీమీటరు ఉంటుంది, అంటే పెద్ద పంచదార పలుకంత. మూడు ఘన సెంటీమీటర్ల హిప్పోకాంపస్‌లో అటువంటి పలుకులు మూడు వేలు పడతాయి. మూడు వేలు పెద్ద సంఖ్యగానే తోస్తుంది. అయితే వాటిలో ఎన్ని లోపల ఉన్నాయి, ఎన్ని అంచున ఉన్నాయి అన్నది చూడాలి. లెక్క సులువుగా ఉండడానికి హిప్పోకాంపస్‌ను నాలుగు సెంటీమీటర్ల పొడవు, ఐదు మిల్లీమీటర్లకు ఒక పిసరు తక్కువ వ్యాసార్ధం ఉన్న స్తంభంగా ఊహించుకుంటే, దాని పరిమాణం మూడు వేల ఘన మిల్లీమీటర్లు వస్తుంది. పక్క ఉపరితలం మాత్రమే పన్నెండు వందల చదరపు మిల్లీమీటర్లు దాటుతుంది. అంటే నూటికి నలభై పలుకులు అంచునే ఉన్నాయన్నమాట. నిజమైన హిప్పోకాంపస్ ముడతలతో, వంపులతో ఉంటుంది కనుక అసలు సంఖ్య ఇంకా ఎక్కువే.

అంచున ఉన్న పలుకు ఒక పదార్థానికి చెందదు. అందులో కొంత హిప్పోకాంపస్‌కు చెందిన బూడిదరంగు పదార్థం, కొంత పక్కనున్న తెల్ల పదార్థం లేదా మెదడు లోపలా చుట్టూ కూడా ఉండే వెన్నుద్రవం కలిసి ఉంటాయి, యంత్రం వాటి సగటును ఇస్తుంది. ఆ పలుకును లోపల వేసుకోవాలా, బయట వదలాలా అన్నది కొలిచేవారి నిర్ణయం. అందరూ ఆ నిర్ణయాన్ని కాస్త లోపలికి జరిపారనుకుందాము, ఎక్కువ కాదు, అర మిల్లీమీటరు. నేను చెప్పిన స్తంభం వ్యాసార్ధం 4.9 మిల్లీమీటర్ల నుంచి 4.4కు తగ్గుతుంది. పరిమాణం మూడు వేల నుంచి సుమారు 2,430కి పడిపోతుంది. ఏ జబ్బూ లేకుండా, ఒక్క కణమైనా చావకుండా, దాదాపు 20 శాతం పోయినట్లు లెక్క తేలుతుంది. అదే అర మిల్లీమీటరును మొత్తం మెదడు చుట్టూ లోపలికి జరిపితే, మెదడును 1,200 ఘన సెంటీమీటర్ల నున్నటి గోళంగా లెక్కవేసినప్పుడు, తగ్గేది రెండు శాతానికి కాస్త పైన మాత్రమే. వస్తువు చిన్నదైన కొద్దీ అంచు దాని ఒంట్లో పెద్ద భాగమవుతుంది. అమ్మ ఒకసారి మా పిన్నికి నేర్పుతూ పొట్టుతోపాటు పప్పును పిసరంత గీకినా 240 గుండు 320లోకి దిగిపోతుందని చెప్పిన మాట నాకు ఈ లెక్క వేస్తున్నప్పుడు జ్ఞాపకం వచ్చింది.

అటువంటప్పుడు వాక్సెల్‌ను ఇంకా చిన్నది చేయవచ్చు కదా అని చదివేవారు అడగవచ్చు. చేయవచ్చు, కానీ దాని ధర చాలా ఎక్కువ. ప్రతి వైపునూ సగానికి తగ్గిస్తే ఘనం ఎనిమిదో వంతు అవుతుంది, సంకేతం కూడా ఎనిమిదో వంతు అవుతుంది. కోల్పోయిన స్పష్టతను మళ్లీ మళ్లీ తీసి సగటు చేయడం ద్వారా తిరిగి తెచ్చుకోవాలంటే, స్పష్టత తీసిన సార్ల వర్గమూలానికి తగ్గట్టు మాత్రమే పెరుగుతుంది కనుక, అరవై నాలుగు సార్లు తీయాలి. ఐదు నిమిషాల స్కాను ఐదు గంటలు దాటుతుంది. ఏ మనిషీ ఆ గొట్టంలో అంతసేపు కదలకుండా పడుకోలేడు. అయస్కాంతం బలం పెరిగితే సంకేతం పెరుగుతుంది, 1.5 టెస్లా నుంచి 3 టెస్లాకు వెళ్లినప్పుడు మేలు కనిపించేది అందుకే, 7 టెస్లా యంత్రాలలో హిప్పోకాంపస్ లోపలి పొరలను కూడా విడివిడిగా చూడగలుగుతున్నదీ అందుకే. మా జిల్లాలో స్కాను తీయించుకునే మనిషికి మాత్రం ఒక మిల్లీమీటరే మంచి కొలత.

కొలిచే పద్ధతి పుట్టుక చాలా పాతది. ఇటలీ గణితవేత్త కవలియేరి 1635లో చెప్పిన సూత్రం దీనికి ఆధారం. ఆనపకాయను ఒకే మందంతో చక్రాలుగా తరిగి, ఒక్కో చక్రం వైశాల్యాన్ని కొలిచి, అన్నింటినీ కూడి, ఆ మొత్తాన్ని మందంతో గుణిస్తే ఆనపకాయ పరిమాణం వస్తుంది. మేము చేసేదీ అంతే. హిప్పోకాంపస్ పొడవుకు అడ్డంగా, అంటే కరోనల్ దిశలో, ఒక మిల్లీమీటరు మందంతో ఉన్న నలభై దాకా స్లైసులను వరుసగా తెరచి, ఒక్కొక్కదానిలో అంచు వెంట గీత గీసి, లోపలి వాక్సెల్‌లను లెక్కపెడతాము. ఐటీకే-స్నాప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. అలవాటైన చేతికి ఒక్కో వైపు అరగంట పైనే పడుతుంది. బూడిదరంగుకు, తెలుపుకు మధ్య తేడా బాగా తెలిసే టీ1 త్రీడీ సీక్వెన్సు, అంటే ఆ రకం స్కాను, తీసి ఉండాలి. తలనొప్పికీ, పక్షవాతానికీ మామూలుగా తీసే ఐదు మిల్లీమీటర్ల స్లైసులు ఈ పనికి చాలవు. వాటిలో మొత్తం హిప్పోకాంపస్ ఏడెనిమిది ముక్కలలో అయిపోతుంది, తల ఎక్కడ మొదలైందో తోక ఎక్కడ ముగిసిందో చెప్పడానికి మిగిలే ఆధారం ఊహ మాత్రమే.

అసలు చిక్కు ఆ తలా తోకల దగ్గరే ఉంది. మధ్యభాగంలో హిప్పోకాంపస్ పైనా పక్కనా వెన్నుద్రవం నల్లగా కనిపిస్తుంది కనుక గీత గీయడం తేలిక. ముందుకు వెళ్లేసరికి అమిగ్డాలా వచ్చి పైన కూర్చుంటుంది. రెండూ ఒకే బూడిదరంగు. రెండింటి మధ్య ఆల్వియస్ అనే తెల్లటి పల్చటి పొర ఒకటి ఉంటుంది. కొన్ని స్లైసులలో అది వెంట్రుకలా కనిపిస్తుంది, కొన్నింటిలో మాయమవుతుంది. కనిపించనప్పుడు అదే స్లైసును పక్కనుంచి చూసే సాజిటల్ చిత్రంలో వెతికి, అక్కడి గీతను ఇక్కడికి తెచ్చుకోవాలి. కింది వైపు సుబిక్యులం అనే భాగం ఏ గోడా లేకుండా పక్క మడతలోకి కలిసిపోతుంది. అక్కడ సరిహద్దు చిత్రంలో దొరకదు, ఒప్పందంలో దొరుకుతుంది. మా వైపు పొలాల మధ్య గట్టు కొట్టుకుపోయినప్పుడు పెద్దమనుషులు కూర్చుని తాటిచెట్టు నుంచి బావి దాకా గీత అనుకున్నట్లే, నిపుణులు కూర్చుని ఇక్కడినుంచి ఇక్కడికి అని అనుకోవలసి వచ్చింది.

చాలాకాలం ఎవరి ఒప్పందం వారిదిగా ఉండేది. కొందరు తోకను పూర్తిగా కలుపుకునేవారు, కొందరు మధ్యలోనే ఆపేవారు, కొందరు తెల్లటి ఆల్వియస్‌ను వదిలేసేవారు. అందువల్ల ఆరోగ్యవంతుల హిప్పోకాంపస్ పరిమాణం ఒక పరిశోధనకూ మరొక పరిశోధనకూ రెండు రెట్ల దాకా తేడాతో ప్రచురితమయ్యేది. యూరప్, అమెరికా అల్జీమర్స్ పరిశోధక బృందాలు ఎక్కువ వాడుకలో ఉన్న 12 పద్ధతులను ముందు పెట్టుకుని, ఏళ్ల తరబడి చర్చించి, 2015 నాటికి ఒక ఉమ్మడి పద్ధతిని సిద్ధం చేశాయి. ఆల్వియస్‌ను కలుపుకోవాలి, తోకను చివరిదాకా గీయాలి అని అందులో తేల్చారు. నా దృష్టిలో ఈ రంగంలో జరిగిన మంచి పనులలో ఇది ఒకటి, ఎందుకంటే ఏ కొత్త యంత్రమూ కనిపెట్టకుండా, మనుషులు ఒక మాట మీదికి రావడం ద్వారా కొలతను మెరుగుపరచారు.

ఇప్పుడు ఎక్కువ కేంద్రాలలో చేత్తో గీయరు, సాఫ్ట్‌వేరు గీస్తుంది. అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో బ్రూస్ ఫిషల్, ఆయన సహచరులు 2002లో వివరించిన పద్ధతి మీద నడిచే ఫ్రీసర్ఫర్ వాటిలో పేరున్నది. ముందుగా నిపుణులు చేత్తో గీసిన మెదళ్ల నుంచి, ఏ చోట ఏ భాగం ఉండే అవకాశం ఎంత అన్న పటాన్ని తయారుచేసుకుని, కొత్త మెదడును ఆ పటంతో సరిపోల్చి ఒక్కో వాక్సెల్‌కు పేరు పెడుతుంది. అలసట ఉండదు, ఒకే చిత్రాన్ని ఒకే వెర్షన్‌తో మళ్లీ ఇస్తే అదే అంకె ఇస్తుంది. అయినా ఆ పటాన్ని మొదట గీసిన చేతుల ఒప్పందమే దాని ఒప్పందం. ఒక సాఫ్ట్‌వేరు అంచును కాస్త బయటకు, మరొకటి కాస్త లోపలికి పెట్టుకుంటుంది. మా అమ్మ మొదటి రిపోర్టు ఒక సాఫ్ట్‌వేరుదీ, రెండోది మరొకదానిదీ. మొదటి స్కాను 1.5 టెస్లా యంత్రంలో 1.5 మిల్లీమీటర్ల మందంతో తీసినది, రెండోది 3 టెస్లాలో ఒక మిల్లీమీటరుతో తీసినది. ఇవన్నీ ఫిల్ముతోపాటు ఇచ్చిన సీడీలో ఫైళ్ల లోపల రాసి ఉన్నాయి. రిపోర్టులో వాటి ఊసే లేదు.

యంత్రం వైపు నుంచి వచ్చే తేడాలు ఇంకా ఉన్నాయి. అయస్కాంత క్షేత్రంలో కొలబద్ద లాగా పనిచేసే గ్రేడియంట్లు మధ్యలో సరళంగా, అంచులకు పోయే కొద్దీ కొంచెం వంకరగా ఉంటాయి. తలను సరిగ్గా మధ్యకు తేకపోతే చిత్రం సాగుతుంది. పొడవు కొలతలో ఒక శాతం తప్పు వస్తే పరిమాణంలో మూడు శాతం తప్పు వస్తుంది, ఎందుకంటే మూడు దిశలలోనూ అది గుణింపబడుతుంది. కొలత తెలిసిన గోళాలున్న ఫాంటమ్ అనే పరీక్ష దిమ్మెను అప్పుడప్పుడూ యంత్రంలో పెట్టి సరిచూసుకోవడం అందుకే. మనిషి తల కదిలినా అంచులు మసకబారి, బూడిదరంగు పదార్థం అసలుకన్నా తక్కువగా కొలతకు వస్తుందని పరిశోధనలు చూపించాయి. మతిమరుపు ఉన్న పెద్దవారే ఎక్కువగా కదులుతారు కనుక ఈ తప్పు ఎప్పుడూ జబ్బు ఉన్నట్లు చూపే వైపే మొగ్గుతుంది. ఒంట్లో నీరు తగ్గినా మెదడు మొత్తం పరిమాణం అర శాతం దాకా తగ్గుతుంది. మే నెలలో మందస నుంచి బస్సులో నిలబడి వచ్చిన పెద్దావిడకు ముందు మంచినీళ్లిచ్చి, అరగంట కూర్చోబెట్టి తీయాలని నేను పట్టుబట్టడానికి దయతోపాటు ఈ కారణం కూడా ఉంది.

మరొక సంగతి తల పరిమాణం. పెద్ద తలలో హిప్పోకాంపస్ కూడా పెద్దదిగా ఉంటుంది. అందువల్ల పుర్రె లోపలి మొత్తం పరిమాణంతో సరిచూడకుండా ఇద్దరిని పోల్చకూడదు. సాఫ్ట్‌వేరు ఇచ్చే ‘ఈ వయసుకు ఇంత ఉండాలి’ అన్న పట్టికలు చాలావరకు యూరప్, అమెరికా ప్రజల స్కానుల నుంచి వచ్చినవి. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ పరిశోధకులు వందమంది భారతీయుల స్కానులతో 2019లో ప్రచురించిన భారతీయ మెదడు పటంలో, మన మెదళ్లు సగటున ఎత్తులోనూ వెడల్పులోనూ పాశ్చాత్యుల మెదళ్లకన్నా చిన్నవని తేలింది. ఐదడుగులు కూడా లేని మా అమ్మ వంటి మనిషిని మరొక ఖండం పట్టికలో పెట్టి నూరుమందిలో కింది నుంచి ఐదో స్థానంలో ఉందని చెప్పే ముందు ఆ సంగతి తలచుకోవాలి. ఆ పటానికి స్కాను ఇచ్చినవారు ఇరవైలలో ఉన్న యువకులు, యువతులు. అరవై, డెబ్బై ఏళ్లవారికి అటువంటి మన పట్టిక విస్తృతంగా రావలసిన అవసరం ఉందని నా గట్టి అభిప్రాయం.

ఇన్ని తప్పులకు తావున్న కొలత ఎందుకు పనికివస్తుంది అంటే, పోల్చేటప్పుడు రెండు వైపులా ఒకే తప్పు ఉండేలా చూసుకున్న చోట అది అద్భుతంగా పనికివస్తుంది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో క్లిఫర్డ్ జాక్, ఆయన సహచరులు 1990లో మందులకు లొంగని మూర్ఛ ఉన్నవారిలో కుడి, ఎడమ హిప్పోకాంపస్‌లను కొలిచి, ఏ వైపు కుంచించుకుపోయిందో దానినిబట్టి మూర్ఛ పుట్టే వైపును గుర్తించవచ్చని చూపించారు. ఒకే తల, ఒకే యంత్రం, ఒకే పూట, ఒకే చెయ్యి. అంచు అర మిల్లీమీటరు లోపలికి జరిగితే రెండు వైపులా జరుగుతుంది, తేడా అలాగే నిలుస్తుంది. శస్త్రచికిత్స ఏ వైపు చేయాలో నిర్ణయించడంలో అది సాయపడింది. కాలంతో వచ్చే మార్పుకు లండన్‌లో పరిశోధకులు ఫ్రీబరో, నిక్ ఫాక్స్ 1997లో మరొక దారి చూపారు. ముందు స్కానును, తరువాతి స్కానును విడివిడిగా కొలిచి తీసివేయడానికి బదులు, రెండింటినీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చి, అంచు ఎంత జరిగిందో నేరుగా కొలుస్తారు. రెండు బుట్టల పప్పును రెండు ఊళ్లలో రెండు కాటాల మీద తూచి తేడా చెప్పడానికీ, ఒకే తక్కెడలో రెండు పళ్లేలలో పోసి ముల్లును చూడడానికీ ఉన్న భేదం ఇది.

మార్పు ఎంత ఉంటుందో తెలిస్తే ఈ జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో హిప్పోకాంపస్ ఏడాదికి ఒకటి, ఒకటిన్నర శాతం చొప్పున తగ్గుతుంది. అల్జీమర్స్ ఉన్నవారిలో నాలుగైదు శాతం. పద్నాలుగు నెలల్లో 14 శాతం అన్న అంకెను చూసిన వెంటనే నాకు అనుమానం కలిగింది అందుకే. జబ్బు వేగం కన్నా రెట్టింపు కన్నా ఎక్కువ వేగంతో కుంచించుకుపోయిన మెదడున్న మనిషి, ఆ రోజు ఉదయం నాతో ఆమదాలవలస స్టేషన్‌లో రైలు దిగి, ఆటోవాడితో బేరమాడి పది రూపాయలు తగ్గించింది.

రెండు సీడీలూ తెచ్చుకున్నాను. నాతోపాటు పనిచేసే మిత్రుడు ఆ ఫైళ్లకు పేర్లు మార్చి, తారీఖులు తీసేసి, సగం చిత్రాలను కుడి ఎడమలు తారుమారు చేసి ఇచ్చాడు. ఏది ముందుదో, ఏది వెనుకదో తెలిస్తే చెయ్యి తెలియకుండానే ఆశ వైపో భయం వైపో వంగుతుంది. డ్యూటీ ముగిసిన తరువాత పదకొండు రాత్రులు కూర్చుని, ఆ ఉమ్మడి పద్ధతి ప్రకారం, నాలుగింటినీ రెండేసి సార్లు గీశాను. మొదటి స్కానులో ఎడమది 2.72, కుడిది 2.86. రెండో స్కానులో ఎడమది 2.68, కుడిది 2.84. తేడా ఎడమ వైపు ఒకటిన్నర శాతం, కుడి వైపు ఒక శాతంలోపు. ఒకే చిత్రాన్ని నేను వారం వ్యవధిలో రెండుసార్లు గీసినప్పుడు నా రెండు గీతల మధ్య వచ్చిన తేడా రెండు శాతం దాటింది. అంటే రెండు స్కానుల మధ్య తేడా నా చేతి వణుకులో మునిగిపోయింది. తగ్గలేదని నేను చెప్పలేను. తగ్గిందని చెప్పగల ఆధారం ఆ రిపోర్టుకూ లేదు.

ఈ పని పట్టుకుని అమ్మను చూసే న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్లాను. నేను డాక్టరును కాను, రిపోర్టు రాయడం నా పనీ కాదు, అందుకని ఆయన ఏమంటారోనని కొంత బెదురుగానే వెళ్లాను. ఆయన రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టుకుని, అంకెలు చూడకుండా, కంటితో పరిశీలించారు. నెదర్లాండ్స్‌కు చెందిన షెల్టెన్స్ 1992లో సూచించిన మార్కుల పద్ధతి ఒకటుంది. హిప్పోకాంపస్ ఎత్తునూ, దాని పక్క సందుల వెడల్పునూ చూసి, కుంచింపు లేకపోతే సున్నా, బాగా ఎక్కువైతే నాలుగు దాకా వేస్తారు. రెండింటికీ ఒకే మార్కు వేశారు, 1 అని. అమ్మకు అరవై ఎనిమిదేళ్లు, ఆ వయసుకు 1 మామూలే. ఆ తరువాత ఆయన ఎక్కువసేపు చేసింది అమ్మతో మాట్లాడడం, మూడు మాటలు చెప్పి కాసేపటికి అడగడం, గడియారం బొమ్మ వేయించడం. మూడు మాటలలో ఒకటే చెప్పింది. మతిమరుపు ఉన్న మాట నిజమే, అది మందగించిందా పెరిగిందా అన్నది ఆరు నెలలకోసారి చూద్దాము, స్కాను అవసరమైతే ఇకమీదట ఒకే చోట తీయించండి అని చెప్పారు.

ఆ మాట ప్రకారం పోయిన నెల నేను పనిచేసే యంత్రంలోనే తీశాను. తల రెండు వైపులా స్పాంజి మెత్తలు బిగించి, సంకేతాన్ని అందుకునే కాయిల్‌ను తల మీద మూతవేసి, లేజరు గీత కనుబొమల మధ్య పడేలా సరిచేస్తుంటే, “ఏటి బాబూ, నా బుర్రలో ఏటున్నాదో అదంతా నువ్వు సూసీగలవా?” అని అడిగింది. కొంచెమే చూడగలనమ్మా, కదలకు అన్నాను. త్రీడీ సీక్వెన్సు ఐదు నిమిషాల ఇరవై సెకండ్లు. ఆ చప్పుడులో ఆమె కాలివేలు కూడా కదల్చలేదు. ముప్పై ఏళ్లు పప్పు చెక్కినవారికి కదలకుండా కూర్చోవడం వచ్చు.

ఆ రాత్రి తోక వైపు నుంచి గీయడం మొదలుపెట్టాను. హిప్పోకాంపస్ నుంచి బయలుదేరే ఫోర్నిక్స్ అనే తెల్లటి నరాల కట్ట తాలూకు కాడ పూర్తి పొడవునా కనిపించే స్లైసు దాటిన తరువాత కూడా బూడిదరంగు తునక ఒకటి మూడు స్లైసుల దాకా మిగిలి ఉంటుంది. పాత పద్ధతులలో దానిని వదిలేసేవారు. నేను కలుపుకున్నాను. ఎడమది 2.76, కుడిది 2.90 వచ్చింది. పాత అంకెలకన్నా పెద్దవని సంతోషించవలసినది ఏమీ లేదు, ఇది వేరే యంత్రం. నోటు పుస్తకంలో ఆ రెండు అంకెల కింద యంత్రం టెస్లా, సీక్వెన్సు పేరు, వాక్సెల్ కొలత, సాఫ్ట్‌వేరు వెర్షను, గీసిన పద్ధతి, గీసినవారి పేరు, అమ్మ ఆ ఉదయం రెండు గ్లాసుల నీళ్లు తాగిందన్న సంగతి రాసి, ఏడాది తరువాతి తారీఖు వేశాను. చెల్లెలికి ఆ పేజీని ఫోటో తీసి పంపాను.